ఉప్పుగూడలో ఆ ఏడాదిన్నర

2020 ఫిబ్రవరిలో మా ఇంట్లోకి నెలకు 23,000 వచ్చేవి. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్. ఆయన జీతం 14,000. నేను ఉప్పుగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. నా జీతం 9,000. తినేవాళ్లం ఐదుగురం. మేమిద్దరం, ఏడో తరగతి పాప, మూడో తరగతి బాబు, షుగర్ ఉన్న అత్తమ్మ.

ఖర్చు ఇట్లా ఉండేది. కిరాయి 5,500. బియ్యం, కిరాణా కలిపి 5,000. పాలు, కూరగాయలు 3,000. అత్తమ్మ ఇన్సులిన్, మాత్రలు 1,800. పాప ఫీజు ఏడాదికి 28,000, అది ఈ నెల లెక్కలోకి రాదు. బాబు నా బడిలోనే కాబట్టి వాడికి ఫీజు లేదు. చిట్టి 2,000. గ్యాసు, కరెంటు, ఫోను, బస్సు పోతే చేతిలో ఏమీ మిగిలేది కాదు. అయినా ఎవరి దగ్గరా చేయి చాపలేదు. ఆ సంగతి మీద నాకు లోలోపల కాస్త గర్వం ఉండేది.

ఈ ఊళ్లో ఇంతకన్నా తక్కువలో బతకడం కష్టం. మాదాపూర్, కొండాపూర్ వైపు రెండు గదులు కావాలంటే మా ఇద్దరి జీతంలో సగం కిరాయికే పోతుంది. పాతబస్తీలో ఉన్నాం కాబట్టి నెట్టుకొచ్చాం. నేను పుట్టింది లాల్‌దర్వాజలో, అత్తగారిల్లు ఉప్పుగూడ. మాకు ఇక్కడ తెలియని గల్లీ లేదు. దూరం పోవాలంటే ఎంఎంటీఎస్ రైలు ఉంది, పది రూపాయలతో పని అయిపోయేది. ఆ ఫిబ్రవరి 7న మెట్రో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే ఆగింది. ఫలక్‌నుమా దాకా రావాల్సిన ముక్క రాలేదు. మాలాంటి వాళ్లకు అది పెద్ద బాధ కూడా కాదు, మెట్రో టికెట్టు మా లెక్కలో పట్టేది కాదు.

పైన రాసిన లెక్కలో రంజాన్ లేదు. పత్తర్‌గట్టి, మదీనా, లాడ్‌బజార్ దుకాణాలకు ఏడాదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క నెల ఒక ఎత్తు. రాత్రి తరావీ నమాజ్ అయ్యాక జనం బజార్లకు వస్తారు, తెల్లవారుజామున సహ్రీ దాకా బేరాలు నడుస్తాయి. చివరి పది రాత్రులు మా ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు, దుకాణంలోనే కునుకు తీసేవాడు. పండగ అయ్యాక సేటు ఇచ్చే ఇనాం, అమ్మకాల మీద వచ్చే కమీషన్ కలిపితే దాదాపు రెండు నెలల జీతం చేతికొచ్చేది. పాప ఫీజు కట్టేది దానితోనే. మేము హిందువులం. మా ఇంట్లో ఏడాది లెక్క మాత్రం ఉగాదికి కాదు, ఈద్‌కు తేలేది.

మార్చి 16న బడులు మూశారు. 22న జనతా కర్ఫ్యూ, ఆ మర్నాటి నుంచి లాక్‌డౌన్. మొదటి వారం నాకు భయం వేయలేదు. పిల్లలు ఇంట్లో ఉన్నారు, ఆయన ఇంట్లో ఉన్నాడు, పండగలా ఉంది. రెండో వారంలో అత్తమ్మ ఇన్సులిన్ సీసా అడుగుకు వచ్చింది. అప్పుడు మొదలైంది.

మా బడి యజమాని మార్చి జీతం ఇచ్చాడు. ఏప్రిల్‌లో సగం ఇచ్చాడు. ఆ తర్వాత లేదు. ఆయన్ని తిట్టుకోలేను. రెండు వందల మంది పిల్లల బడి, ఫీజులు వస్తేనే మాకు జీతాలు. ఏప్రిల్ 21న సర్కారు జీవో 46 తెచ్చింది. ఫీజులు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు ఒక్కటే నెలనెలా తీసుకోవాలి అని. తల్లిగా ఆ జీవో చదివి ఊపిరి పీల్చుకున్నాను. టీచరుగా చదివితే చేతులు చల్లబడ్డాయి. మా బడి పిల్లల తండ్రులు ఆటోలు నడిపేవాళ్లు, మేస్త్రీలు, గాజుల పనివాళ్లు. వాళ్లు నెలనెలా ఎక్కడి నుంచి కడతారు? వాళ్లు కట్టకపోతే నాకు లేదు, నాకు లేకపోతే నేను పాప బడికి కట్టలేను.

రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చారు. మా కార్డులో నాలుగు పేర్లే ఉన్నాయి, బాబు పేరు ఎక్కలేదు. నలభై ఎనిమిది కిలోలు వచ్చాయి. ఆ బియ్యం లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదల్చుకోలేదు. కానీ బియ్యం ఉన్నంత మాత్రాన వంట కాదు. పప్పు కావాలి, నూనె కావాలి, గ్యాసు కావాలి.

ఏప్రిల్‌లో ఒకరోజు గల్లీ చివర సామాన్ల కిట్లు పంచుతున్నారని తెలిసింది. కందిపప్పు, నూనె, ఉప్పు, చింతపండు, సబ్బు. ముఖానికి చున్నీ చుట్టుకుని వరుసలో నిలబడ్డాను. కరోనాకు అందరూ చుట్టుకున్నారు కాబట్టి నన్నెవరూ గుర్తుపట్టరనుకున్నాను. పంచేవాళ్లలో ఒకాయన నన్ను చూసి ఆగాడు. ఆయన కొడుకు నా దగ్గర ఐదో తరగతి. ఆయన గొంతు తగ్గించి, "టీచర్, మీరు ఇంటికి పోండి, నేను పంపిస్తా" అన్నాడు. నేను కదల్లేదు. కదిలితే పంపకపోవచ్చునని నా భయం. ఆయన ఇంకోసారి చెబితే ఇంటికొచ్చాను. చీకటి పడ్డాక వాళ్లబ్బాయి సంచి తెచ్చి గడప దగ్గర పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లాడు. అంత చిన్నపిల్లాడికి అది ఎవరు నేర్పారో మరి. ఆ రాత్రి పప్పు ఉడుకుతుంటే ఏడ్చాను. ఆకలికి కాదు.

మూడు నెలల కిరాయి అడగొద్దు, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలి అని సర్కారు చెప్పింది. మంచి మాటే. కానీ మా ఓనరమ్మ బతికేది మా కిరాయి మీద. భర్త లేడు, కొడుకు పట్టించుకోడు. మేము ఇవ్వకపోతే ఆమె పొయ్యి వెలగదు. ఆమె అడగలేదు. రోజూ పొద్దున వచ్చి, గేటు దగ్గర కూర్చుని, పిల్లల్ని పలకరించి వెళ్లేది. అడగకపోవడమే నాకు బరువైంది. మేలో మా చిట్టి డబ్బులో కొంత ఆమె చేతిలో పెట్టాను.

మే 18 తర్వాత దుకాణాలు వంతుల వారీగా తెరవనిచ్చారు. అప్పటికి ఈద్‌కు వారం కూడా లేదు. 25న పండగ. పత్తర్‌గట్టిలో ఆ వారం ఈగలు తోలుకున్నారట. మా ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఈ యేడు గింతే" అన్నాడు. ఇనాం లేదు, కమీషన్ లేదు. సేటు 5,000, ఒక బియ్యం బస్తా ఇచ్చాడు. జూన్ నుంచి సగం జీతం.

జూన్‌లో నా గొలుసు గిర్వి పెట్టాం. పుస్తెలు తీసి పసుపుతాడుకు కట్టుకున్నాను. రెండు తులాల గొలుసు మీద 60,000 ఇచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 1,200 వడ్డీకే. బ్యాంకులో ఇందులో సగం కూడా ఉండదని తెలుసు. కానీ బ్యాంకు ముందు బారులు, టోకెన్లు, దూరం దూరం గీసిన గీతలు. మాకు ఆ రోజే కావాలి. తొందరలో ఉన్నవాడికే వడ్డీ ఎక్కువ.

కిరాణా ఆయన సంగతి చెప్పాలి. మా గల్లీ మొదట్లో చిన్న కొట్టు ఆయనది. ఉద్దెర పుస్తకంలో మా పేరు మీద పేజీ నిండితే ఇంకో పేజీ తిప్పేవాడు. ఆగస్టులో లెక్క 18,000 దాటింది. నేను కొట్టుకు పోవడం మానేసి పాపను పంపడం మొదలుపెట్టాను. ఆయన పాపతో కబురు చేశాడు: "మీ అమ్మను రమ్మను. తప్పించుకుంటే నాకు భయమైతది. కనబడితే భయం లేదు." ఆ మర్నాటి నుంచి నేనే పోయాను. అప్పు ఉన్నవాడు ఎదురుగా నిలబడాలి అని ఆయన దగ్గర తెలుసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర చేబదులు తీసుకున్నవాళ్లకూ అదే చెబుతాను.

మా వెనకింటి ఖాలాకు లాడ్‌బజార్ లక్క గాజుల పని తెలుసు. జూలైలో నన్ను కూర్చోబెట్టి నేర్పింది. లక్క వేడికి మెత్తబడ్డప్పుడే రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. ఆలస్యమైతే రాయి నిలవదు, తొందరపడితే వేలు కాలుతుంది. మొదట్లో నేను చేసినవి సగం ఆమే సరిచేసేది, కూలి మాత్రం నా పేరున రాయించేది. పాపకు ఆన్‌లైన్ పాఠాలు సెప్టెంబరు 1 నుంచి మొదలయ్యాయి. ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోను. పొద్దున పాపకు, మధ్యాహ్నం బాబుకు. నేను పక్కన కూర్చుని గాజులు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను. సంతోషం. కూలి ఎంత పెరిగిందో మాత్రం అందులో రాయలేదు.

సెప్టెంబరు చివరికి కొంచెం ఒడ్డున పడ్డట్టు అనిపించింది. మా ఆయన జీతం పదివేలు అయింది. సిటీ బస్సులు మళ్లీ తిరిగాయి. ఎంఎంటీఎస్ రాలేదు, అది 2021 జూన్ దాకా రాలేదు. ఆయన అప్పటికే నడవడం అలవాటు చేసుకున్నాడు.

అక్టోబరు 13, మంగళవారం. మధ్యాహ్నం నుంచి వాన. సాయంత్రానికి కరెంటు పోయింది. నాకు వాన అంటే భయం లేదు. ఉప్పుగూడలో, ఛత్రినాకలో వానాకాలం నీళ్లు రోడ్డు మీదికి రావడం, పోవడం మామూలే. ఈసారి నీళ్లు ముందు గుమ్మం నుంచి రాలేదు. బాత్రూంలోంచి వచ్చాయి. నాలా నిండి వెనక్కి తన్నింది. నల్లటి నీళ్లు గడప దాటి వంటగదిలోకి వచ్చాయి. పాప చీపురుతో తోస్తోంది. ఆ పిల్ల అట్లా తోస్తుంటే నాకు ఏం చేయాలో తోచక ఊరికే చూస్తూ నిలబడ్డాను. ముందు గుమ్మం లోంచి కూడా మొదలైనప్పుడు కదిలాను.

మోకాళ్ల దాకా వచ్చేసరికి పిల్లల్ని మంచం మీదికి ఎక్కించాను. అత్తమ్మను లేపి కూర్చోబెట్టాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, తనంతట తాను లేవలేదు. ఆయనకు ఫోన్ చేస్తే కలవలేదు. గ్యాస్ సిలిండర్ ఒరిగి తేలింది. ఫ్రిజ్ వంగింది. బియ్యం డ్రమ్ము మూత ఊడింది. నేను కేక వేశాను. ఎవర్ని పిలిచానో తెలియదు, ఊరికే అరిచాను.

ఖాలా వాళ్లది రెండంతస్తులు. ఆమె పై నుంచి టార్చి వేసి, తన కొడుకులతో, "పహలే అమ్మాకో లావ్, సామాన్ ఛోడో" అంది. ముందు అమ్మను తెండి, సామాను వదిలేయండి అని. ఇద్దరు కొడుకులూ గోడ దూకి వచ్చారు. అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీదికి ఎత్తారు. అప్పటికి నీళ్లు వాళ్ల నడుం దాటాయి. పిల్లల్ని ఒక్కొక్కర్ని గోడ మీదుగా అందించాను. పాప ఫోనును తల మీద పట్టుకుని వచ్చింది. నేను ఆధార్, రేషన్ కార్డు, నా డీఎడ్ సర్టిఫికెట్ ఉన్న కవరు తీసుకున్నాను. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉందన్న సంగతి పైకి ఎక్కాక గాని గుర్తురాలేదు.

ఖాలా ఇంట్లో ఆ రాత్రి నాలుగు కుటుంబాలున్నాయి. ఆమె కిచిడీ వండింది. బకెట్లలో వాన నీళ్లు పట్టి మా కాళ్లు కడిగించింది. మా అత్తమ్మ పరాయి ఇళ్లలో ముద్ద ముట్టేది కాదు. ఆ రాత్రి ఆమె కంచం పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యి" అని అడిగింది. మా ఆయన అర్ధరాత్రి దాటాక ఛాతీ లోతు నీళ్లలో వచ్చాడు. మా ఇల్లు ఖాళీగా కనిపించి గల్లీలో నిలబడి పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

అక్టోబరులో ఒక్కరోజున అంత వాన ఊరికి వందేళ్లకు పైగా పడలేదని తర్వాత చెప్పారు. ఆ రాత్రే పల్లె చెరువు కట్ట తెగి అల్‌జుబైల్ కాలనీ మునిగింది. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి ఇళ్ల మీద పడి పిల్లలతో సహా మనుషులు పోయారు. మాకు పోయింది సామాను. అది తెలుసు. కానీ పొద్దున దిగి చూసినప్పుడు ఆ తెలివి పనిచేయలేదు. జాన మందం బురద, మురుగు వాసన. పరుపులు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను, ఫ్రిజ్. బియ్యం మురుగులో తడిసింది, ఎండబెట్టడానికి కూడా లేదు. గోడ మీద నీళ్ల గీత నా భుజం దగ్గర ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే అన్న మాట ఇద్దరం అనుకోలేదు.

కరెంటు లేదు. ఖాలా పెద్దకొడుకు నీళ్లలో నడిచి చార్మినార్ దాకా పోయి ఇన్సులిన్ తెచ్చాడు. ఎంత అని అడిగితే చెప్పలేదు. దాన్ని మూత గట్టిగా బిగించిన చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో ఉంచి, కుండకు తడిబట్ట చుట్టాం. ఫ్రిజ్ లేని ఇళ్లలో అట్లాగే పెడతారని ఆ అబ్బాయే చెప్పాడు. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఈ పద్ధతి తెలిసి ఉండాలి. మసీదు దగ్గర నుంచి డేగ్‌చీలతో అన్నం వచ్చింది. లాల్‌దర్వాజ నుంచి మా అమ్మ వాళ్ల బస్తీ కుర్రాళ్లు దుప్పట్లు మోసుకొచ్చారు.

నాలుగో రోజు, శనివారం 17, రాత్రి మళ్లీ వాన. అప్పటికి ఇల్లు కడుక్కుని కిందికి దిగి పడుకున్నాం. గల్లీలో ఎవరో "చెరువు తెగింది" అని అరిచారు. అది నిజమే, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. అది మా వైపు వస్తుందో రాదో తెలుసుకునే ఓపిక ఎవరికీ లేదు. మా ఆయన ఇంట్లో లేడు. నేను పిల్లలిద్దరి చేతులు పట్టుకుని పరుగెత్తి ఖాలా మెట్లు ఎక్కేశాను. పైన నిలబడి ఊపిరి తీసుకుంటుంటే బాబు, "నానమ్మ ఏది?" అన్నాడు. అత్తమ్మ కింద గదిలో మంచం మీద ఉంది. నేను ఆమెను పిలవను కూడా లేదు. ఖాలా కొడుకులే మళ్లీ దిగారు. ఆమెను తెచ్చి కూర్చోబెట్టాక నా వైపు చూసి, "పిల్లలు జాగ్రత్తగున్నరా?" అని అడిగింది. అంతే. ఈ అయిదేళ్లలో ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

ముంపు కుటుంబాలకు 10,000 ఇస్తామని అక్టోబరు 19న ప్రకటించారు. మా గల్లీకి నెలాఖరులో వచ్చారు. ఆధార్ రాసుకుని, నోట్లు చేతిలో పెట్టి, ఫొటో తీసుకున్నారు. తల పైకెత్తమన్నారు, ఎత్తాను. ఏప్రిల్‌లో వరుసలో నన్ను చంపిన సిగ్గు అప్పటికి సగం పోయింది. ఆ డబ్బు రాని వాళ్లు నవంబరులో మీసేవల ముందు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడ్డారు. టోలిచౌకి దగ్గర ఒకావిడ ఆ వరుసలోనే కుప్పకూలి చనిపోయింది. బల్దియా ఎన్నికల కోడ్ వల్ల 18న పంపిణీ ఆపేశారు. మా ఆడబిడ్డ ఛత్రినాకలో ఉంటుంది, ఆమెకు రాలేదు. మాకొచ్చిన దాంట్లో 2,000 ఆమెకిచ్చాం. మిగతాది స్టవ్వు, రెండు పరుపులు, కిరాణా. ఓనరమ్మ నవంబరు కిరాయి వద్దంది. ఆ ఇంటికి సున్నం కూడా ఆమే వేయించింది.

డిసెంబరులో గొలుసు బ్యాంకుకు మార్చాం. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. గిర్వి కొట్టులో డబ్బు కడితే తప్ప గొలుసు ఇవ్వరు. గొలుసు ఉంటే తప్ప బ్యాంకు డబ్బు ఇవ్వదు. మధ్యలో ఒక్క పూటకు 60,000 కావాలి. నాతోపాటు లెక్కలు చెప్పిన టీచర్ తన తమ్ముడి పెళ్లికి తీసి పెట్టుకున్న డబ్బు తెచ్చింది. పొద్దున పదకొండుకు ఆమె ఇచ్చింది, సాయంత్రం నాలుగుకు బ్యాంకు నుంచే ఆమెకు తిరిగిచ్చాను. ఆ అయిదు గంటలూ ఆమె నాతోనే తిరిగింది. నమ్మక కాదట, నాకు తోడుగా. నెలకు 1,200 ఉన్న వడ్డీ 500 లోపుకు వచ్చింది.

2021 రంజాన్ మీద ఆశ పెట్టుకున్నాం. ఏప్రిల్ 20 నుంచి రాత్రి తొమ్మిదికే కర్ఫ్యూ. రాత్రి బేరమే బేరంగా ఉన్న బజారుకు రాత్రి లేకుండా పోయింది. మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. 14న ఈద్. పండగ ముందు రాత్రి, చాంద్‌రాత్ బేరం కూడా పోయింది. ఆ రోజు మా ఆయన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. అప్పులవాళ్లు కాదు, ఎవరూ రాలేదు. ఆయన భయం ఆయనది. ఖాలా షీర్‌ఖుర్మా పంపింది, గిన్నె కింద 500 నోటు. తిరిగి ఇవ్వబోతే, పిల్లల ఈదీ అంది.

ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000, ఇరవై అయిదు కిలోల సన్నబియ్యం ఇస్తామని సర్కారు ఏప్రిల్‌లో చెప్పింది. నా బడికి గుర్తింపు ఉంది కాబట్టి నాకు వచ్చింది. గుర్తింపు లేని బడుల్లో చెప్పినవాళ్లకు ఆ దారి కూడా లేదు. మా ఆయన తగ్గిన జీతం, నా గాజులు, ఈ రెండు వేలు. ఆ ఏడాదిన్నర మమ్మల్ని నడిపింది ఇవి మాత్రమే కాదు, బాకీ కోసం ఆగినవాళ్లు నడిపారు. కిరాణా ఆయన, ఓనరమ్మ, లెక్కల టీచర్. వీళ్లెవరూ ఉన్నవాళ్లు కాదు.

పాప బడి ఆగలేదు. ఫీజు బాకీ 31,000 అయింది. ఆన్‌లైన్ క్లాసు లింకు పంపడం మానేశారు. టీసీ కావాలంటే బాకీ కట్టాలి. రెండు వాయిదాల్లో కట్టి టీసీ తీసుకున్నాం. 2021లో పాపను సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో వేశాను. పదేళ్లు ఇంటింటికీ తిరిగి, సర్కారు బడికి పంపొద్దు, మా బడికి పంపండి అని చెప్పినదాన్ని నేను. అడ్మిషన్ల కోసం మా యజమాని పంపితే ఎండలో తిరిగి చెప్పాను. ఆ హైస్కూలు గేటు దగ్గర మా పాత పేరెంట్ ఒకామె కనిపించింది. "మీరు కూడానా టీచర్?" అంది. అవునన్నాను. పాపకు పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్నం అన్నం అక్కడే. లెక్కల సారు మంచివాడు. 2023లో పదో తరగతి పాసయింది.

నా పాత బడి మళ్లీ తెరుచుకోలేదు. ఆ బిల్డింగులో ఇప్పుడు ఫర్నిచర్ గోడౌన్ ఉంది. నేను సైదాబాద్‌లో వేరే బడిలో చేరాను, మొదట 10,000, ఇప్పుడు 13,000. కిరాణా బాకీ 2022 దసరాకు తీరింది. గొలుసు 2023లో విడిపించాం.

అయితే ఆ కింది ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు. మబ్బు పడితే కవరు బీరువా మీద పెట్టి, సిలిండర్‌ను తాడుతో కిటికీకి కట్టి కూర్చునేదాన్ని. 2024 ఏప్రిల్‌లో అదే గల్లీలో మొదటి అంతస్తుకు మారాం. కిరాయి 8,500. అప్పటికి కింద కడుతున్నదానికన్నా 2,000 ఎక్కువ. ఓనరమ్మను వదిలి రావడానికి నాకు చాలా బాధయింది. ఆమే సామాను సర్దించింది. అత్తమ్మ మెట్లు దిగలేదు కాబట్టి రోజంతా పైనే ఉంటుంది. నీళ్ల భయం పోయింది, గల్లీ ముచ్చట్లు పోయాయి. ఆమెకు ఏది ఎక్కువో నేను అడగలేదు.

కిరాయికి ఎక్కువైన ఆ 2,000 ఎక్కడివంటే, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. సైదాబాద్ పోయి రావడానికి నాకు నెలకు అయ్యే 900 మిగిలాయి. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు సున్నా, అదొక 600. తక్కువ పడ్డ 500 పాప ఇస్తోంది. కింద గదుల పిల్లలకు సాయంత్రం లెక్కలు చెబుతుంది. నువ్వు చదువుకో, డబ్బు సంగతి మేం చూస్తామని చెప్పాను. వినలేదు, నెల మొదట్లో తీసుకొచ్చి అత్తమ్మ చేతిలో పెడుతుంది.